అంబాసిడరా, ఫియటా? ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళ కోసం

పాత కారు ఒకటి కొని పెట్టుకోవాలన్న మోజు ఈమధ్య మనవాళ్ళలో బాగా పెరిగింది. ఫోన్ చేసినవాళ్ళంతా అడిగేది ఒకటే, "అన్నా, అంబాసిడర్ తీసుకోమంటావా, ఫియట్ తీసుకోమంటావా?" అని. రెండూ నడిపినవాణ్ణి, రెండిటి కిందా దూరి చూసినవాణ్ణి కాబట్టి ఒకేచోట రాసేస్తున్నాను. ముందు తీర్పు చెప్పేస్తా, తర్వాత కారణాలు. స్టీరింగు మీరే పట్టుకుని, నడపడంలో ఉన్న సరదా కోసం కొంటుంటే ఫియట్ తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళని ఎక్కించుకుని ఊళ్ళు తిరగడానికైతే అంబాసిడర్ తీసుకోండి. నన్ను ఒకటే ఎంచుకోమంటే మాత్రం ఫియటే, అందులోనూ 1960ల చివర్లో వచ్చిన 1100డి. అంబాసిడర్ అభిమానులకి కోపం రావచ్చు, కానీ చివరిదాకా చదవండి, ఆ బండి గురించి చెప్పాల్సిన మంచి కూడా చాలా ఉంది.

రెండూ మన బళ్ళే అన్నంతగా అలవాటైపోయాయి గానీ ఒకటి ఇంగ్లండుది, ఇంకోటి ఇటలీది. అంబాసిడర్ అసలు పేరు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్కన కౌలీ ఫ్యాక్టరీలో 1956లో మొదలై 1959కల్లా అక్కడ ఆగిపోయింది. అంటే పుట్టిన దేశంలో దాని ఆయుష్షు మూడేళ్ళు. అదే బండి కలకత్తా దగ్గర ఉత్తర్‌పరాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ చేతిలో 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారైంది. ఫియట్ 1100 టురిన్ బండి. 1953లో జెనీవా ప్రదర్శనలో బయటికి వచ్చింది, మరుసటి ఏడే బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు మొదలుపెట్టారు. మనం ఇప్పుడు ఫియట్ అని చూసే ఆకారం ఆ తర్వాతి 1100డిది, ఇక్కడ 1964లో వచ్చింది. అదే తర్వాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అయింది, 2000 ప్రాంతం దాకా నడిచింది. పేరు ఎన్నిసార్లు మార్చినా మన ఊళ్ళలో దాన్ని ఫియట్ అనే పిలిచారు. నేనూ అలాగే రాస్తున్నాను.

అక్కడ మూడు నాలుగేళ్ళలో పక్కన పెట్టేసిన నమూనాలు ఇక్కడ దశాబ్దాల తరబడి ఎందుకు నడిచాయంటే, కొనేవాడికి ఇంకో దారి లేదు. 1950ల మొదట్లో టారిఫ్ కమిషన్ సిఫారసుతో, ఇక్కడే విడిభాగాలు తయారుచేసే ప్రణాళిక ఉన్న కంపెనీలే ఉండాలన్నారు. బయటి నుంచి పెట్టెల్లో తెచ్చి బిగించి అమ్మే ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. కార్లలో చెప్పుకోదగ్గవి మిగిలినవి మూడు, కలకత్తా అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఎవరు ఎన్ని చేయాలో, ఎంతకి అమ్మాలో కూడా ప్రభుత్వమే చూసుకునేది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా ఇదే కథ. కాబట్టి "అంత గొప్ప బండి కాబట్టే యాభై ఏళ్ళు నడిచింది" అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. గొప్పతనం ఉంది, కానీ అది అన్నేళ్ళు అమ్ముడవడంలో లేదు, బండిలో ఉంది. అక్కడే చూడాలి.

మన పట్టణాల్లో ఈ రెండు బళ్ళూ రెండు రకాల మనుషులవి. కలెక్టరు, మంత్రి, కాంట్రాక్టరు, రైసు మిల్లు షావుకారు, టాక్సీ స్టాండు, పెళ్ళి ఊరేగింపు, ఇవన్నీ అంబాసిడర్. డాక్టరు గారు, లాయరు గారు, కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఫియట్. ఒకటి డ్రైవరు నడిపితే వెనక కూర్చునే బండి, ఇంకోటి యజమాని తానే తోలుకునే బండి. లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధానిగా ఉండి సొంతానికి కొనుక్కున్నది కూడా ఫియటే, 12,000 రూపాయల బండికి పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు చేశారు, ఆయన పోయాక ఆ అప్పు ఆయన భార్య లలితమ్మ గారు తీర్చారు. పదవి వల్ల వచ్చే కారు అంబాసిడర్, సొంత డబ్బుతో కొనే కారు ఫియట్ అన్న తేడా అప్పట్నుంచీ ఉంది. ఇప్పటికీ మనవాళ్ళు అంబాసిడర్‌ని హోదాతో కొలుస్తారు, తెల్ల రంగు, కర్టెన్లు, ముందు చిన్న జెండా కడ్డీ. ఆ హోదా మీద ఇష్టంతో కొనేవాళ్ళకి ఈ పోలిక అక్కర్లేదు, వాళ్ళకి ఫియట్ ఎప్పటికీ నచ్చదు.

ఇక నడపడం దగ్గరికి వద్దాం, నాకు ముఖ్యమైంది ఇదే.

తేడా అంతా ఇంజన్ కొలతల్లో ఉంది. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ 1489 సీసీ, సిలిండరు వెడల్పు 73 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం దాదాపు 89. వెడల్పు తక్కువ, స్ట్రోకు ఎక్కువ. అలాంటి ఇంజను తక్కువ తిరుగుళ్ళలోనే బాగా లాగుతుంది, ఎక్కువ తిప్పితే గోల చేస్తుంది తప్ప అదనంగా ఇచ్చేదేమీ ఉండదు. టాప్ గేరులో ఇరవై ఇరవై అయిదు స్పీడుకి పడిపోయినా గేరు మార్చకుండా నెమ్మదిగా ఎత్తుకుంటుంది. ఫియట్‌ది 1089 సీసీ, 68 వెడల్పు, 75 స్ట్రోకు. ఇది తిరగడానికి ఇష్టపడే ఇంజన్. కింద బద్ధకంగా ఉంటుంది, కాస్త తొక్కి పట్టుకుంటే గొంతు మారి చక్కగా పరిగెడుతుంది. హార్స్ పవర్ చూస్తే అంబాసిడర్‌ది యాభై పైచిలుకు, ఫియట్‌ది నలభై చిల్లర. కానీ అంబాసిడర్ బరువు పదకొండు వందల కిలోల పైన, ఫియట్ తొమ్మిది వందల లోపు. కిలోకి ఎంత బలం అని లెక్కేస్తే రెండూ దాదాపు ఒకటే. అందుకే ఒట్టి రోడ్డు మీద పందెం పెడితే పెద్ద తేడా ఉండదు, నలుగురు మనుషుల్నీ సామాన్లనీ వేస్తే అప్పుడు తేలుతుంది. అయిదుగురితో ఏదైనా ఘాట్ రోడ్డు ఎక్కించి చూడండి, అంబాసిడర్ సెకండ్ గేరులో పెట్టి వదిలేస్తే గొణుక్కుంటూ పైకి పోతూనే ఉంటుంది. ఫియట్‌లో ప్రతి మలుపుకీ గేరు రాడ్డు మీద చెయ్యి ఉండాలి, సెకండ్ నుంచి థర్డ్‌కి, మళ్ళీ సెకండ్‌కి. కొందరికి అది విసుగు, నాకు అదే కారు నడపడం.

ఈ రెండు ఇంజన్ల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, పాత కార్ల మీద ప్రేమ ఉన్నవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ ఇంజనే 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉంది. కార్బరేటర్లు వేరు, ట్యూనింగు వేరు, కానీ ఇంజన్ దిమ్మె (బ్లాకు) అదే. ఫియట్ ఇంజను ఇంకా పాతది, దాని మూలం 1937 నాటి ఫియట్ 508సి. ఆ 1089 సీసీ ఇంజన్ తీసుకునే ఇటలీలో చిసిటాలియా 202 అనే కారు చేశారు, ఆ కారు అందానికి న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం వాళ్ళు ఒకదాన్ని తెచ్చి పెట్టుకున్నారు. మన కాకినాడలోనో కర్నూల్లోనో డాక్టరు గారి షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న ఫియట్ బోనెట్ ఎత్తితే కనపడేది ఆ కుటుంబం ఇంజనే. నాకు ఇది తెలిసిన రోజు నుంచి ఆ బండిని చూసే చూపే మారిపోయింది.

గేర్లు రెండిటికీ స్టీరింగు కిందే, నాలుగు ముందుకి, ఒకటి వెనక్కి. తర్వాతి కాలంలో రెండిటికీ కింద గేరు రాడ్డు వచ్చింది, అది వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి వారం కంగారు పడతారు, తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది. ఫియట్‌ది పొట్టిగా, స్పష్టంగా పడుతుంది. అంబాసిడర్‌ది రాడ్లూ బుష్షులూ కొత్తగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, అరిగితే మాత్రం జావలో గరిటె తిప్పినట్టే, ఏ గేరులో ఉన్నామో వదిలి చూస్తే గానీ తెలియదు. బుష్షులు మార్పించడం పెద్ద ఖర్చు కాదు, కాబట్టి ఆ ఒక్క కారణానికి మంచి బండిని వదులుకోవద్దు.

స్టీరింగు విషయంలో నేను అంబాసిడర్ వైపు. దీనికి ర్యాక్ అండ్ పినియన్ ఉంది, అంటే స్టీరింగు చివరి పళ్ళచక్రం ఒక పళ్ళ కడ్డీని నేరుగా అటూ ఇటూ జరుపుతుంది, 1950ల కారుకి అది మెచ్చుకోదగ్గ సంగతి. మోరిస్ మైనర్ చేసి, తర్వాత 1959లో మినీ కారు చేసి ప్రపంచాన్నే తన వైపు తిప్పుకున్న అలెక్ ఇసిగోనిస్ పద్ధతి అది, ముందు చక్రాలకి స్ప్రింగులకి బదులు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్ సస్పెన్షన్ కూడా ఆ పద్ధతే. బాగా ఉంచుకున్న అంబాసిడర్ స్టీరింగులో ఆట (వదులు) ఉండదు, అటు తిప్పితే అటు పోతుంది, చాలామంది తోలింది అరిగిపోయిన టాక్సీలని కాబట్టి ఆ సంగతి తెలియదు. ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే మాత్రం భుజాలు నొప్పులు పుడతాయి. ఫియట్‌ది వార్మ్ బాక్సు, అంటే మరతో తిరిగే గేరుపెట్టె, తేలిగ్గా తిరుగుతుంది, కానీ వయసు మీద పడ్డ బళ్ళలో కొంచెం ఆట తప్పదు. అయినా మొత్తం మీద మలుపుల్లో ఫియట్టే హాయి, ఎందుకంటే బండి తేలిక, చిన్నది. పొడవులో అంబాసిడర్ 4.3 మీటర్లు, ఫియట్ 3.9. వెడల్పులో ఇరవై సెంటీమీటర్ల తేడా. కాగితం మీద ఇరవై సెంటీమీటర్లు చిన్నమాటే, విజయవాడ వన్‌టౌన్ సందుల్లో ఎదురుగా ఆటో వచ్చినప్పుడు అదే పెద్దమాట.

వెనక సీటుకి వస్తే పోటీయే లేదు. అంబాసిడర్ పైకప్పు నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తు, సీటూ ఎత్తే, తలుపూ పెద్దదే. మోకాళ్ళ నొప్పులున్న మామ్మ గారు నడుం పెద్దగా వంచకుండా వెనక్కి తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకుంటే చాలు. ఇప్పుడొచ్చే ఖరీదైన సెడాన్లలో కూడా పెద్దవాళ్ళు దిగడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వస్తోంది, కాబట్టి దీన్ని నేను చాలా పెద్ద మార్కుగా చూస్తాను. వెనక ముగ్గురు పెద్దవాళ్ళు సుఖంగా, ముందు సోఫా సీటు కాబట్టి డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరు, మధ్యలో పిల్లలు ఎంతమందైనా అన్నట్టు పాతరోజుల్లో ఎక్కేసేవాళ్ళు. ఇప్పుడు అలా చేయకండి, ముందు సీటుకి ముగ్గురికీ బెల్టులుండవు, పాత బళ్ళకైతే అసలు బెల్టులే ఉండవు, కొన్నవెంటనే పెట్టించుకోవాల్సిన మొదటి వస్తువు అదే. డిక్కీలో ఒక చిన్న కుటుంబం కాపురం సామాను పడుతుంది. ఫియట్ నలుగురి బండి. వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్నవాళ్ళకి ఇబ్బందే, డిక్కీలో రెండు పెట్టెలు, ఒక సంచి.

గతుకుల రోడ్డు మీద కూడా అంబాసిడరే. పదిహేను అంగుళాల చక్రాలు, బరువైన బాడీ, వెనక కమాను కట్టలు, గుంటలో దిగినా లోపల కూర్చున్నవాళ్ళకి ఒక ఊపు మాత్రమే తెలుస్తుంది. ఫియట్‌కి ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమానులు, పద్నాలుగు అంగుళాల చక్రాలు. మంచి తారురోడ్డు మీద ఇదే బిగువుగా, నిలకడగా ఉంటుంది, మలుపులో ఒరగడం తక్కువ. పల్లెటూరి రోడ్డు మీద ప్రతి గుంటా లెక్కపెట్టి చెబుతుంది. ఈరోజు మన రోడ్లలో చాలా భాగం 1970ల కంటే చాలా మెరుగు కాబట్టి ఈ తేడా అప్పటంత పెద్దది కాదు, నేను ఫియట్ వైపు మొగ్గడానికి అదీ ఒక కారణం.

బ్రేకుల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు, కాలి తొక్కుడుకి బలం కలిపే బూస్టరు లేదు. రెండు బళ్ళ పాత మోడళ్ళలోనూ అంతే. ఇప్పటి కారుకి అలవాటైన కాలితో మెల్లిగా నొక్కితే ఏమీ జరగదు, గట్టిగా తొక్కాలి, ముందుచూపుతో తొక్కాలి. ఘాట్ దిగేటప్పుడు వరసగా తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది, అంబాసిడర్ బరువు వల్ల దానికి ఇంకా త్వరగా తగ్గుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి అని పాత డ్రైవర్లు చెప్పేది అందుకే. హైవేలో మీ ముందు పోయే కొత్త కారు ఆగినంత దూరంలో మీరు ఆగలేరు, వెనకాల వచ్చేవాడికి ఆ సంగతి తెలియదు. డెబ్భై దాటకుండా ఎడమ పక్కన పోవడమే క్షేమం. సర్వీసు రోడ్డు ఉంటే ఇంకా మంచిది.

పాత మోడళ్ళకి ఏసీ లేదు కాబట్టి ఎండాకాలం గురించి అడుగుతారు. ముందు తలుపులకి ఉండే చిన్న మూల అద్దాలు తిప్పుకుంటే గాలి నేరుగా ఒంటికి కొడుతుంది, రెండిటికీ ఉన్నాయి, బండి కదులుతున్నంతసేపూ పర్వాలేదు. మే నెల ట్రాఫిక్‌లో మనుషుల కంటే ముందు బండికే కష్టం. పెట్రోలు గొట్టంలో ఆవిరి పట్టి పంపు లాగడం మానేస్తుంది, తడిగుడ్డ పంపు మీద వేసి పది నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్టవుతుంది. ఈ తడిగుడ్డ వైద్యం రెండు బళ్ళకీ పనిచేస్తుంది. కానీ ఫియట్‌లో ఇంకో జాగ్రత్త ఉంది, అది చాలా ముఖ్యం. ఫియట్ సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ పైమూత, అల్యూమినియం. బాగా వేడెక్కిన ఇంజన్ని "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని లాగిస్తే హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్ళూ ఆయిలూ కలిసిపోతాయి. టెంపరేచర్ ముల్లు పైకి పోతోందనిపించగానే పక్కకి తీసి ఆపేయాలి. అంబాసిడర్ హెడ్ పోత ఇనుము, అది ఇంత సున్నితం కాదు, రేడియేటరు మరిగి ఆవిరి చిమ్మినా చల్లారాక నీళ్ళు పోసుకుని ఇంటికి చేరిన బళ్ళు ఎన్నో.

అంబాసిడర్ కింద ఆయిలు మరక లేకపోతే ఇంజన్లో ఆయిలు లేదని మెకానిక్కులు అంటుంటారు. కారణం ఉంది. ఆ ఇంజన్లో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక వైపు ఆయిలు ఆపడానికి రబ్బరు సీలు ఉండదు, మర చుట్టినట్టు ఒక గాడి ఉంటుంది, ఇంజన్ తిరుగుతున్నప్పుడు అది ఆయిల్ని లోపలికి తోస్తుంది, ఆగగానే కొద్దిగా కారుతుంది. అది డిజైనే అంత. చుక్కలు పడితే భయపడక్కర్లేదు, మడుగు కడితే భయపడాలి. "అస్సలు కారదు, కొత్తగా పని చేయించాం" అని అమ్మేవాళ్ళు గట్టిగా చెబితే ఆయిలు కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్ తీసి చూడండి.

ఇంకో సంగతి, పెట్రోలు గురించి. ఈ ఇంజన్లు తయారైన కాలంలో పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు, 2000లో మన దేశంలో అది ఆగిపోయింది. అంబాసిడర్ ఇనప హెడ్‌లో వాల్వు కూర్చునే చోటు ఆ ఇనుములోనే కోసి ఉంటుంది, సీసం లేని పెట్రోలుతో ఎక్కువ వేగంలో దూరాలు తోలితే అది మెల్లగా అరుగుతుంది. ఎప్పుడైనా హెడ్ విప్పాల్సి వస్తే గట్టి వాల్వు సీట్లు వేయించేసుకోండి, మళ్ళీ చూసుకోనక్కర్లేదు. ఇప్పుడు దాని మీద ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు లోపలి డయాఫ్రం, కార్బరేటరు వాషర్లు దీనికి మెత్తబడిపోతాయి, పైగా ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు మొదలవుతుంది. రెండు బళ్ళకీ ఇదే సమస్య, కొన్న వెంటనే గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్పించండి. ఇంజన్ వేడి పక్కనే పాత గొట్టం పగిలి పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మైలేజీ అడిగేవాళ్ళకి ఒక్క ముక్క. అంబాసిడర్ పెట్రోలు లీటరుకి ఎనిమిది నుంచి పది, ఫియట్ పన్నెండుకి అటూ ఇటూ. ఆదివారం బండికి ఇది పెద్ద లెక్క కాదు.

సామాను దొరకడం దగ్గర అంబాసిడర్ స్పష్టంగా ముందుంది. 2014 దాకా తయారైంది, టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగింది, కాబట్టి విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే కొత్తదో పాతదో ఏదో ఒకటి చేతిలో పెడతారు, హైదరాబాదులో అయితే రాణిగంజ్ వైపు వెతకాలి, అక్కడా లేకపోతే కలకత్తా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకోవచ్చు. ఫియట్‌కి ఇంజన్ సామాను పర్వాలేదు. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా తిరిగినన్నాళ్ళూ అక్కడి దుకాణాల్లో అన్నీ ఉండేవి. 2023 అక్టోబరులో ఇరవై ఏళ్ళ నిబంధనతో చివరి పద్మిని టాక్సీలు కూడా రోడ్డు దిగిపోయాయి. బాడీ సామాను, అంటే గ్రిల్లు, లైటు రింగులు, తలుపుల బీడింగు, 1100డి మీటరు బోర్డు లాంటివి వెతికి వెతికి తెచ్చుకోవాలి. అందుకే ఫియట్ కొనేటప్పుడు ఇంజన్ ఎలా ఉన్నా పర్వాలేదు, బయట క్రోమ్ సామాను, లోపలి మీటర్లు పూర్తిగా ఉన్న బండినే చూడండి. ఇంజన్ పని చేయించుకోవచ్చు, లేని గ్రిల్లుని పుట్టించలేం.

తుప్పు చూడటం నేర్చుకోండి, పాత కారు కొనడంలో సగం పని అదే. రంగు మెరుస్తుంటే సంతోషపడకండి, ఎంత లప్పం పెట్టారో దానికింద కనపడదు. చిన్న అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి తలుపుల అడుగున, చక్రాల పైన మడ్‌గార్డు అంచున పెట్టి చూడండి, పట్టుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పమే ఉంది. అంబాసిడర్‌లో కాళ్ళ దగ్గర మ్యాట్లు ఎత్తి నేల రేకు చూడాలి, తలుపుల కింది పట్టీలు చూడాలి, అన్నిటికంటే ముఖ్యంగా ముందు టార్షన్ బార్లు వెనక చివర బిగించి ఉండే అడ్డ బీము చూడాలి. అది తుప్పు పట్టి ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, ఆ బార్లలో ఉండే బలం మామూలుది కాదు. ఫియట్‌లో హెడ్‌లైట్ల వెనక బురద నిలిచే చోటు, తలుపుల అడుగు, డిక్కీ నేల. సముద్రం గాలి తగిలే ఊళ్ళ బండి అయితే, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల తిరిగినదైతే ఇంకో గంట ఎక్కువసేపు చూడండి. అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి పొడి ప్రాంతాల్లో ఉన్న బళ్ళకి రేకు బాగా నిలుస్తుంది.

ఏ మోడల్ అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. అంబాసిడర్‌లో పాత అందం కావాలంటే మార్క్ 2, అంటే 1960ల నుంచి 1975 లోపు వచ్చినవి. మరీ మొదటి బళ్ళలో సైడ్ వాల్వు (వాల్వులు సిలిండరు పక్కన ఉండే) ఇంజన్ ఉండేది, 1959లో ఓవర్‌హెడ్ వాల్వు (వాల్వులు పైన ఉండే) ఇంజన్ వచ్చింది, మొదటివి దొరికితే ప్రదర్శనకి బాగుంటాయి, తోలడానికి కాదు. రోజూ వాడుకోవాలనుకునేవాళ్ళు 1990లలో వచ్చిన ఇసుజు ఇంజన్ బండి తీసుకోండి, 1.8 లీటర్లు, అయిదు గేర్లు, ఆ బరువుకి సరిపడే బలం మొదటిసారి దానికే వచ్చింది. పాత డీజిల్ అంబాసిడర్ జోలికి మాత్రం వెళ్ళొద్దంటాను. ఒకప్పుడు టాక్సీవాళ్ళ పొట్ట నింపిన బండి అది, ఆ గౌరవం దానికి ఉంది, కానీ నలభై చిల్లర కూడా లేని హార్స్ పవర్‌తో ఆ బరువుని లాగుతుంటే నడిపేవాడికి ఏ ఆనందమూ ఉండదు. ఫియట్‌లో 1964 నుంచి 1970ల మొదటిదాకా వచ్చిన 1100డి నాకు అన్నిటికంటే ఇష్టం, రేకు మందం, క్రోమ్ పని, తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడు, అన్నీ తర్వాతి పద్మినిల కంటే ఒక మెట్టు పైన ఉంటాయి. అంతకుముందు ముందు తలుపుల కీళ్ళు వెనక వైపు ఉండే 1950ల ఫియట్ దొరికితే అది వేరే కథ, అది మ్యూజియం వస్తువు. 1980ల పద్మిని చవగ్గా దొరుకుతుంది, నేర్చుకోవడానికి మంచిదే.

కాగితాల విషయం. 2021లో వచ్చిన నిబంధనతో యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసి వీఏ నంబరు తీసుకోవచ్చు. చాలామంది ఆ నంబరు గొప్పగా ఉంటుందని ఎగబడుతున్నారు, కానీ ఆ నంబరుతో మామూలు రోజువారీ వాడకానికి తిప్పకూడదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, మరమ్మతుకి, పెట్రోలుకి తీసుకెళ్ళడానికే. ఆదివారం పొద్దున్న ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని టిఫినుకి వెళ్ళాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే రెన్యూవల్ చేయించుకోండి. ఆర్సీ పుస్తకం మీద ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద కొట్టి ఉన్న నంబరు మీ కళ్ళతో మీరే పోల్చి చూడండి, ఆర్సీలో పేరున్న యజమాని బతికి లేకపోతే వారసుల సంతకాలు ముందే తేల్చుకోండి, డబ్బు ఆ తర్వాతే.

ఆఖరుగా ఒకటి. బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, ముందే ఫోన్ చేసి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉంటే చోకు లాగి మీ ఎదురుగా సెల్ఫ్ కొట్టమనండి, మొదటి అర నిమిషంలో సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు, ఇంజన్ చప్పుడు మీకు చాలా చెబుతాయి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగుల పని ఉంది, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. బోనెట్ అప్పటికే వేడిగా ఉంటే బేరం ఆడకుండా వచ్చేసి, ఇంకో రోజు చెప్పకుండా వెళ్ళండి.